జీర్ణశకట నిర్ణయ శాస్త్రం

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టేముందు నాలుగు సంగతులు తేల్చమన్నారు పెద్దలు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ శాస్త్రానికి విషయం, చెట్టు కింద ఏళ్ల తరబడి పడి ఉన్న పాత కారు. అందులోనూ తాను స్పోర్ట్స్ కారునని చెప్పుకునే జాతిది. ప్రయోజనం, దాన్ని బాగుచేయించాలా తుక్కుకి వేయాలా అన్నది కనుమ లోపల తేలిపోవడం. సంబంధం, ఆ కారుకీ దాన్ని అమ్మనివ్వని ఇంటికీ మధ్య ఉన్నది; అది ఏమిటో ఆ ఇంట్లోవాళ్లకీ తెలియదు. ఇక అధికారి ఎవరంటే, చేతిలో కాస్త డబ్బు ఆడుతూ, మట్టిలో వెల్లకిలా పడుకోవడానికి మొహమాటపడనివాడు. కారు బాగుచేయించాలా, ట్రాక్టరు కొనాలా అన్న సందేహం ఉన్నవాడు ఈ శాస్త్రానికి అధికారి కాడు. అతను ట్రాక్టరే కొనుక్కోవాలి.

లక్ష్యం లేకుండా లక్షణం చెప్పకూడదు కాబట్టి ఒక కారుని ఊహిద్దాం. ఎక్కడో చూసినట్టే ఉందని ఎవరికైనా అనిపిస్తే ఆ పూచీ పాఠకులదే. చిల్లకల్లులో, జాతీయ రహదారి హోరు వినపడేంత దూరంలో ఒక దొడ్డి. దొడ్లో చింతచెట్టు. చెట్టు కింద 1960ల నాటి స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. ఒకప్పుడు తెలుపు, ఇప్పటి రంగు తేల్చడానికి వేరే శాస్త్రం రాయాలి. వెనక సీటులో కోడి పొదుగుతుంది. డిక్కీలో మిరపకాయల బస్తాలు కుట్టే పురికొస. ముందు అద్దం మీద తాతగారు అతికించిన వేదాద్రి నరసింహస్వామి బొమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. డల్లాస్ నుంచి పండక్కొచ్చిన మనవడు దాని చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసి మేనమామని పిలిచాడు.

"మావయ్యా, ఇది స్పోర్ట్స్ కారు జాతి. రిస్టోర్ చేయిద్దాం."

"ఎంతవుద్దిరా?"

"ముందు చూడాలిగా."

"చూసేదేవుంది, నీ చిన్నప్పట్నుంచీ చెట్టు కిందే ఉందిగా!"

ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే మన శాస్త్రం. మనవడు కారుని చూశాడు గానీ పరీక్షించలేదు. మావయ్య పరీక్షించలేదు సరికదా, ముప్పై ఏళ్లుగా చూడటం కూడా మానేశాడు.

ఈ శాస్త్రం చిల్లకల్లులోనే ఎందుకు పుట్టాలి అని పూర్వపక్షి అడుగుతాడు. సమాధానాలు రెండు. మొదటిది, ఇది దారి విలువ తెలిసిన ప్రాంతం. 1952లో ఖోస్లా కమిటీ నందికొండ దగ్గర ఆనకట్ట చోటు చూడాల్సి వచ్చినప్పుడు, అక్కడికి వాహనం పోయే దారే లేదని అధికారులు చేతులెత్తేస్తే, ఇక్కడి ముక్త్యాల రాజా ఊళ్లకు ఊళ్లను కదిలించి రోజుల్లో దారి వేయించారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. నాగార్జునసాగర్ వెనక ఆ దారి ఉంది. కారుకి దారి లేదంటే దారి వేసిన సీమలో, గుమ్మం ముందు నాలుగు వరసల రోడ్డూ దాని మీద టోల్ గేటూ ఉండగా కారు కదలకపోవడం పరువు తక్కువ.

రెండోది, పక్కనే ఉన్న జగ్గయ్యపేట అనుభవం. ఆ ఊరు బేతవోలుగా ఉండి, తరవాత వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు పెట్టుకున్నది. ఊరి పక్క ధనంబోడు మీద బౌద్ధస్తూపం శతాబ్దాలపాటు దిబ్బగా పడి ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ వచ్చి తవ్వించాడు. మంచి మంచి శిలాఫలకాలు మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. మాంధాత చక్రవర్తి బొమ్మ చెక్కిన ప్రసిద్ధ ఫలకం నేటికీ అక్కడే ఉంది, దిబ్బ ఇక్కడే ఉంది. దీని నుంచి శాస్త్రకారుడు తీసిన సూత్రం: ఉపేక్షితస్య ఉత్తమాంగం మద్రాసు గచ్ఛతి. వదిలేసిన వస్తువులో బాగున్న భాగం మద్రాసు పోతుంది. పాత కార్ల విషయంలో ఇది అక్షరాలా నిజం. మద్రాసులో పుట్టిన హెరాల్డ్ హెడ్‌లైటు రింగులు, తలుపు పిడులు, ముందు అక్షరాలు ఎవరో "పాత సామానేగా అన్నాయ్" అంటూ విప్పుకుపోయి మళ్లీ మద్రాసే చేరుస్తారు. చెట్టు కింద దిబ్బ మిగులుతుంది.

ఇప్పుడు గోత్రనిర్ణయం. హెరాల్డ్‌ని స్పోర్ట్స్ కారు అనవచ్చునా?

మూలపురుషుడు 1959లో ఇంగ్లండులో విడుదలైన ట్రయంఫ్ హెరాల్డ్. రూపం గీసిన ఋషి టురిన్ నగరవాసి జొవాన్ని మిచెలొట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు దీన్ని 948 సీసీ ఇంజనుతో తయారుచేశారు. అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్: ఆ రోజుల్లో దేశం మొత్తానికి ఉన్న కార్ల ఎంపిక ఇంతే. మొదటిది పెద్దమనిషి కారు, రెండోది ఉద్యోగస్తుడి కారు, మూడోది కుర్రాడి కారు. 1962లో ఇంగ్లండు కంపెనీ ఇదే చట్రాన్ని పొట్టిచేసి, అదే మిచెలొట్టి చేత కొత్త ఒళ్లు గీయించి, టాపు లేని ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ తెచ్చింది. అది స్పోర్ట్స్ కారే, సందేహం లేదు.

పూర్వపక్షం: పెదనాన్న కొడుకు పహిల్వాన్ అయితే వీడూ పహిల్వానేనా? సిద్ధాంతం: కాడు. గట్టిగా తొక్కితే గంటకి 70 మైళ్లు దాటడానికి ఆయాసపడే బండిని స్పోర్ట్స్ కారు అనడం ప్రేమే తప్ప ప్రమాణం కాదు. అయినా గోత్రానికి ఒక ఫలం ఉంది. హెరాల్డ్‌దీ స్పిట్‌ఫైర్‌దీ ఒకే గోత్రం కనక వియ్యం కుదరదు గానీ విడిభాగాలు కుదురుతాయి. స్పిట్‌ఫైర్ 1980 దాకా తయారైంది, మూడు లక్షలకి పైగా. వాటిని సాకేవాళ్లు ఇంగ్లండులో ఇంకా బోలెడుమంది. వాళ్ల కోసం ముందు చక్రాల కీళ్లు, బ్రేకు సామాను ఇప్పటికీ చేస్తున్నారు. అందులో చాలా మటుకు మన చింతచెట్టు కింది కారుకీ పడతాయి. మనవడి వాదన తప్పు, దానివల్ల వచ్చే లాభం ఒప్పు. శాస్త్రాల్లో ఇది మామూలే.

ఇక పరీక్ష. నైయాయికులు ప్రమాణాలు నాలుగన్నారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కారు విషయంలో అన్నిటికన్నా మోసం చేసేది ప్రత్యక్షం. కంటికి కనపడేది రంగు. రంగు కింద లప్పం ఉంటుంది. లప్పం కింద రేకు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అందుకని శాస్త్రకారుడు కంటికి రెండు ఉపకరణాలు జోడించాడు, అయస్కాంతం ముక్క, స్క్రూడ్రైవరు. అయస్కాంతం రేకు మీద టక్కున అతుక్కుంటుంది. లప్పం మీద జారి కాలి మీద పడుతుంది. తలుపు అడుగు అంచులు, చక్రాల పైన వంపులు, డిక్కీ నేల, ముందు అద్దం కింది మూలలు, ఈ నాలుగు చోట్లా పెట్టి చూస్తే చాలు. చింతాకు రాలి నీళ్లు పోయే కన్నాలు పూడుకుపోతాయి. తరవాత ప్రతి వానా ఆ మూలల్లోనే కాపరం పెడుతుంది.

స్క్రూడ్రైవరు చట్రానికి. శాస్త్రంలో కెల్లా ముఖ్యమైన సూత్రం ఇక్కడుంది: చట్రం ప్రధానం, యంత్రం గౌణం. అంబాసిడర్‌కి గానీ ఫియట్‌కి గానీ విడిగా చట్రం లేదు, బాడీయే చట్రం. హెరాల్డ్‌కి ఉంది. దాని వెనక ఒక కథ కూడా ఉంది. ఆ కంపెనీకి బాడీలు నొక్కి ఇచ్చే ఫ్యాక్టరీని ప్రత్యర్థులు కొనేసుకున్నారు. మొత్తం బాడీ ఒక్కచోట చేసిచ్చేవాళ్లు దొరక్క, ముక్కలు ముక్కలుగా తలా ఒకచోట చేయించి, చట్రం మీద పెట్టి బోల్టులు బిగించారు. గతిలేక చేసిన ఆ ఏర్పాటు అరవై ఏళ్ల తరవాత బాగుచేసేవాడి పాలిట వరం. బోల్టులు విప్పితే కారు ముక్కలై చేతికొస్తుంది. బానెట్టు రెక్కలతో సహా ముందుకి తిరగబడి, టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోనిస్తుంది. ఏ ముక్క చెడితే ఆ ముక్క మార్చుకోవచ్చు. చట్రం బాగుంటే.

అది బాగుందా లేదా అన్నది కారు ఏ నేల మీద నిలబడింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ మన ప్రాంతపు భూగర్భశాస్త్రం పనికొస్తుంది. జగ్గయ్యపేట అడుగంతా సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు. ఇళ్లకి నాపరాళ్లు పరుచుకునే అలవాటూ అందుకే. తాతగారు కారుని నాపరాళ్ల మీద నిలిపి ఉంటే నీరు కిందికి పోయి, గాలి ఆడి, చట్రం బతికి ఉంటుంది. నల్లరేగడి మీద నిలిపి ఉంటే, ఆ నేల కార్తీకంలో తాగిన నీళ్లు మాఘం దాకా కక్కుతూ ఉంటుంది. టైర్లు గాలి పోయి చక్రాలు కుంగి చట్రం మట్టికి ఆనితే, ఇనుము కింది నుంచి మొదలై పైకి పోతుంది. చట్రం నుంచి పక్కలకి చాచిన చేతులని, వెనక డిక్కీ కింది భాగాన్ని స్క్రూడ్రైవరుతో పొడవాలి. ఠంగుమంటే శుభం. గుచ్చుకుని అవతలికి వెళితే, దాన్ని బయటికి లాగి, జేబులో పెట్టుకుని, ఇంటికి వెళ్లి కాఫీ తాగి ఆలోచించాలి.

అనుమాన ప్రమాణం తేలిక. తలుపు తీసి వెయ్యాలి. ఎత్తి వేస్తేగానీ పడకపోతే, తలుపుకీ వెనక రెక్కకీ మధ్య సందు పైన వేలంత, కింద వెంట్రుకంత ఉంటే చట్రం వంగిందని అనుమితి. కోడి పొదగడాన్ని బట్టి టాపు కారడం లేదని అనుమితి. కోడి తడిలో గుడ్లు పెట్టదు. ఎలుకలున్నాయంటే వైరింగు లేదని అనుమితి, దానికి హేతువు కూడా అక్కర్లేదు. ఉపమానం గురించి చెప్పడానికేమీ లేదు. పోల్చి చూడటానికి నందిగామ దాకా వెతికినా రెండో హెరాల్డ్ కనపడదు.

ఒక్క వ్యాధి మాత్రం విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇది మందు ఎక్కువై వచ్చే జబ్బు. హెరాల్డ్ ముందు చక్రాలు కిందివైపు ఇత్తడి మరల మీద తిరుగుతాయి. ట్రనియన్లంటారు. వాటికి పోయాల్సింది గేరు ఆయిలు. మన మేస్త్రీలు చేతికి గ్రీజు గన్ను దొరికితే కనిపించిన ప్రతి రంధ్రంలోనూ గ్రీజు దట్టించే దయామయులు. గ్రీజు గట్టిపడి దారి మూసుకుపోతుంది, లోపల మర ఎండి అరిగి, ఒకనాడు మలుపులో విరిగి చక్రం కాలు మడిచి కూర్చుంటుంది. బండిని శ్రద్ధగా చూసుకున్నారని ఇంటివాళ్లు ఎంత చెబితే ఇక్కడ అంత అనుమానించాలి.

ఇప్పుడు ఇంజను. ఊరంతా మొదట అడిగే ప్రశ్న "ఇంజను పనిచేస్తుందా?" అని. శాస్త్రం చివర అడిగే ప్రశ్న అదే. పట్టేసిన ఇంజనుకి ప్లగ్గులు తీసి, సిలిండర్లలో డీజిలు పోసి నాలుగు రోజులు నాననిచ్చి హ్యాండిలు రాడ్డుతో మెల్లగా తిప్పితే సగం ఇంజన్లు కదులుతాయి. కదలకపోతే విజయవాడ ఆటోనగర్ ఉంది. బోరు కొట్టించడం, క్రాంకు గ్రైండింగు, హెడ్డు ప్లేనింగు, లేని బుష్షు లేతు మీద కోయించడం అక్కడ వీధికొకరి వృత్తి. ఇనుముతో చేసిన ప్రతిదీ అక్కడ మళ్లీ చేయొచ్చు. రెండు జాగ్రత్తలు చాలు. దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 సంవత్సరంలో ఆగిపోయింది; పాత వాల్వు సీట్లు ఆ సీసం మీద ఆధారపడ్డవి, కాబట్టి హెడ్డు దించినప్పుడే గట్టి సీట్లు వేయించాలి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది పాత రబ్బరు గొట్టాలని తినేస్తుంది, నీటిని పీలుస్తుంది. గొట్టాలన్నీ మార్చాలి. అంతే. ఇంజను మీద ఇంతకన్నా రాయడం ఆటోనగర్‌ని అవమానించడం.

ఆటోనగర్ చేయలేనివి చిన్నవి. అద్దం చుట్టూ మెరిసే పట్టీ, స్పీడోమీటరు ముఖం, వంపు తిరిగిన వెనక అద్దం, తలుపు పిడి, బానెట్టు బిగించే పక్క గొళ్లెం. కారు ఖరీదులో వీటి వాటా అణుమాత్రం, వెతుకులాటలో కొండంత. కాబట్టి పరీక్షకి వెళ్లినవాడు ఇంజను దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఫోటో దిగడం మాని, లేని వస్తువుల జాబితా రాయాలి. ఉన్నవాటి జాబితా అమ్మేవాడు చెబుతాడు.

శబ్ద ప్రమాణం. ఇందులో లౌకిక శబ్దం ఉంది, ఆప్తవాక్యం ఉంది. "తాతగారు తెల్లారుజామున బయల్దేరి రెండున్నర గంటల్లో హైదరాబాదులో టిఫిను చేసేవారు" అన్నది లౌకికం. అప్పటి ఒంటివరస రోడ్డు మీద ఆ కారు ఆ పని చేయలేదు. చెప్పినప్పుడల్లా పావుగంట తగ్గుతూ వస్తోందని గమనించగలరు. ఆప్తవాక్యం సి-బుక్కు. ఇనప్పెట్టెలో, పొలం పాసుపుస్తకాల కింద ఎక్కడో ఉంటుంది. దాని మీది ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. బండి మీద నంబరు తుడవడానికి గుడ్డ, కిరసనాయిలు. ఇసక కాగితం వాడితే నంబరుతో సహా పోతుంది.

ఈ కాగితానికి ఇటీవల విలువ పెరిగింది. 2021లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలకి వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబరులో రాష్ట్రం అక్షరాల తరవాత వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుం 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. తరవాత పొడిగింపుకి 5 వేలు. చట్రం, బాడీ, ఇంజను మూలరూపంలో ఉండాలి. అంటే మారుతి ఇంజను తెచ్చి బిగిద్దామన్న మావయ్య ఆలోచన ఇక్కడే వీగిపోయింది. ఇంకో నిబంధన శాస్త్రకారుడికి ఎంతో నచ్చింది: అలా రిజిస్టరైన బండిని రోజువారీగా తిప్పకూడదు. ప్రదర్శనకి, సాంకేతిక పరిశోధనకి, వింటేజ్ ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, బాగుచేయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. హెరాల్డ్ తన జీవితంలో ఎక్కువ భాగం చివరి రెండు పనుల మీదే తిరిగింది కనుక కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ లేదు.

సి-బుక్కు తాతగారి పేరు మీద ఉంటే, ఆయన పోయి ఉంటే, వారసులందరి సంతకాలు కావాలి. చట్రం తుప్పుకన్నా ఇది లోతు. మామూలు రోజుల్లో ఆ కారుని చూసి మొహం తిప్పుకునే చిన్నాన్నకి, సంతకం అడిగిన నిమిషం నుంచీ దాని మీద మమకారం పుట్టుకొస్తుంది. "మా నాన్న కారురా అది" అంటాడు. కారు కోసం ఏనాడూ నాలుగు లీటర్ల పెట్రోలు పోయించని మనిషి. పరిష్కారం శాస్త్రం పరిధిలో లేదు. ముగ్గురు పెద్దమనుషుల పరిధిలో ఉంది.

దృష్టాంతం లేకుండా సిద్ధాంతం నిలవదు. హైదరాబాదు నిజాముల కార్లే చూడండి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్ రాయిస్‌కి ఆర్డరిచ్చి, అది చేరకముందే 1911లో కన్నుమూశాడు. 1912 నాటి ఆ పసుపుపచ్చ సింహాసన శకటం దశాబ్దాల్లో తిరిగింది 356 మైళ్లని చెబుతారు. చిల్లకల్లు నుంచి హైదరాబాదు వెళ్లి వచ్చి, మళ్లీ వెళ్లి బయట ఆగితే అంతే దూరం. నిజాం వారసుడు ముకర్రం జా ఆస్ట్రేలియా వెళ్లిపోయాక రాజభవనాల గ్యారేజీల్లో కార్లు దుమ్ములో మునిగిపోయాయి. అయినా రోల్స్ రాయిస్ ఇవాళ చౌమహల్లా ప్యాలెస్‌లో మెరుస్తూ నిలబడి ఉంది. పక్కా గచ్చు మీద, పైన కప్పు కింద మురిగింది కాబట్టి నిలబడింది. రాజుగారిదైనా రైతుదైనా తుప్పుకి తెలిసిన తేడా ఒక్కటే, కప్పు ఉందా లేదా. నిజాముల సేకరణలో నేపియర్ కూడా ఉంది. అసలు తొలినాటి స్పోర్ట్స్ కారు గోత్రం చెప్పుకోవాల్సి వస్తే ఆ పేరు ముందు చెప్పాలి. 1907లో బ్రూక్లాండ్స్ పందెపు బాటలో సెల్విన్ ఎడ్జ్ ఆరు సిలిండర్ల నేపియర్ మీద ఒంటరిగా 24 గంటలు తోలి 1,581 మైళ్లు చుట్టాడు. మన మనవడికి ఈ సంగతి చెబితే హెరాల్డ్‌ని స్పోర్ట్స్ కారు అనడం మానేస్తాడేమోనని చెప్పలేదు.

ఇక నిర్ణయం. వైద్యశాస్త్రం రోగాలని సుఖసాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అసాధ్యం అని నాలుగుగా విడదీసి, అసాధ్యమని తెలిశాక చెయ్యి వెయ్యొద్దని వైద్యుణ్ణి హెచ్చరించింది. కార్ల వైద్యులకి ఆ నిగ్రహం లేదు. అడ్వాన్సు తీసుకుని చెయ్యేస్తారు. అందుకని విభజన మనమే చేసుకోవాలి. చట్రం ఠంగుమని, సామాను పూర్తిగా ఉండి, సి-బుక్కు చేతిలో ఉంటే సుఖసాధ్యం. అలాంటి కారు చెట్టు కింద ఉండదు. చట్రం బాగుండి మిగతాది పోతే కష్టసాధ్యం, పూనుకోవచ్చు, అయితే పెట్టిన డబ్బు అమ్మితే రాదని ముందే ఇంట్లో చెప్పి. చట్రం గుల్లయి, నంబర్లు కలవక, సంతకాలు పడకపోతే అసాధ్యం. దానికి ఉత్తమగతి రెండో హెరాల్డ్‌కి అవయవదానం. హైదరాబాదు బహదూర్‌పురాలో పాత సామానుతో వంకాయ ఆకారంలో, క్రికెట్ బ్యాటు ఆకారంలో కార్లు చేసి పెట్టిన సుధా కార్స్ మ్యూజియం ఒక మార్గం చూపింది గానీ, తాతగారి కారు వంకాయ కావడానికి ఏ చిన్నాన్నా సంతకం పెట్టడు.

మన చింతచెట్టు కింది హెరాల్డ్ యాప్యం. అంటే నయం కాదు, చావదు, పథ్యంతో నిలుపుకోవాలి. చట్రం వెనక చేతులు రెండు పోయాయి, మధ్య దూలం గట్టిగా ఉంది. అద్దాలన్నీ ఉన్నాయి. పిడి ఒకటి లేదు. చిన్నాన్న ఇంకా ఆలోచిస్తున్నాడు. కాబట్టి ఈ పండక్కి మేస్త్రీని పిలవొద్దు, రంగు వేయించొద్దు, ఇంజను తిప్పొద్దు. జాకీ వేసి లేపి నాలుగు చక్రాల కిందా దిమ్మలు పెట్టండి, అడుగున నాపరాళ్లు పరవండి, పైన రెండు రేకులు వేయించండి. కోడిని వేరే చోటికి మార్చండి. సి-బుక్కు వెతికి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఎక్కడ పెట్టారో కనీసం ఇద్దరికి చెప్పండి. ఖర్చు తక్కువ, తొందర లేదు, చిన్నాన్న సంతకం అక్కర్లేదు. మీ దొడ్లో హెరాల్డ్ కాకుండా ఫియట్టో, జీపో, యెజ్డీయో ఉన్నా ఇదే పని వచ్చే వానాకాలం లోపు చేయండి.